నిమ్మకాయలో నెత్తురు

ఈ డ్రైవరు మహానుభావుడికి గడియారం అంటే ఏమిటో తెలిసినట్టు లేదు. అవనిగడ్డలో బస్సు కదిలి ఇరవై నిమిషాలైంది, ఇంకా ఊరి పొలిమేర దాటలేదు, ముందు వరిగడ్డి ట్రాక్టరు, దాని వెనక మేము, హారన్ కొడతాడేమోనని చూస్తుంటే కొట్టడు, చెయ్యి కిటికీ బయటికి వేలాడేసి గట్టు మీద ఎవరినో "ఏం బావా, కోతలైపోయినట్టేనా?" అని పలకరిస్తున్నాడు. రెండూ నలభై. నాలుగింటికి గుల్లలదిబ్బలో పడవలు ఒడ్డుకొస్తాయి. పడవలు లాగి, వలలు దులిపి, మగవాళ్ళంతా రామమందిరం దగ్గర కూర్చుంటారు. కూర్చున్నాక కనకరత్నం పళ్ళు పీకుతారు. పైవి రెండు, కిందవి రెండు, పట్టకారుతో. పళ్ళు పోతే మంత్రం సరిగ్గా పలకదట, మంత్రం పలకకపోతే చేతబడి పారదట. ఇంత వివరంగా నాకెలా తెలుసంటే ఇరవై ఏళ్ళుగా ఈ సంగతులే మైకు పట్టుకుని ఊరూరా చెప్తున్నాను గనక. చెప్పడానికేం, నోరుంటే చాలు. ఇవాళ ఆ పట్టకారు కింద ఉన్నది నేను చూసిన మనిషి. మే నెలలో నేను వాళ్ళ ఊరెళ్ళినప్పుడు, గొంతు ఎండిపోయి నిలబడితే, గ్లాసు రెండుసార్లు కడిగి మజ్జిగిచ్చిన మనిషి.

ఫోను వచ్చేసరికి బందరులో మా స్కూల్లో తొమ్మిదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెప్తున్నాను. నా రాత ఎలా ఏడిసిందో చూడండి, అప్పుడు నా చేతిలో ఉన్నది కూడా నిమ్మచెక్కే. అటెండరు తొంగిచూసి "గోవర్ధనరావు గారూ, మీకు ఫోనండీ, ఎవరో ఆడమనిషి, ఏడుస్తోందండీ" అంటే వెనక బెంచీ వాళ్ళు కిసుక్కున నవ్వారు. చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళాను. "మాస్టారండీ, నేను రాజకుమారినండీ, గుల్లలదిబ్బ నర్సుని, కోడూరు బూత్ నుంచి మాట్లాడుతున్నాను" అంది. చెప్పమ్మా అన్నాను. "మీ నిమ్మకాయేనండీ" అంది. ఏ నిమ్మకాయ? "మీరు ఆ రోజు కోసి చూపించారే, అదేనండీ. నిన్న గణపతి కనకరత్నం గుమ్మంలో కోశాడండీ. ఎర్రగా కారిందండీ. ఊరంతా చూశారు." ఆ తర్వాత ఆవిడ చెప్పినదంతా విన్నాను, లక్ష్మయ్య కూతురు, బిందు, నాలుగేళ్ళ పిల్ల, ఆదివారం పోయిందని, మెదడువాపు జ్వరమని, బందరు తీసుకెళ్ళండ్రా బాబూ అని తను కాళ్ళావేళ్ళా పడ్డా వినకుండా మూడు రోజులు వేపమండలతో కొట్టించారని, ఇవాళ పడవలొచ్చాక కనకరత్నం పళ్ళు పీకుతారని. జ్వరం రావడానికి ముందురోజు కనకరత్నం ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేపముల్లు తీసి అన్నం ముద్ద పెట్టిందట. మొగుడు లేడు, పిల్లల్లేరు, పరాయి పిల్లకి ముద్ద పెట్టింది. ఇంకేం కావాలి వాళ్ళకి? అన్నీ విన్నాను గానీ చెవిలో మోగుతున్నది మాత్రం ఆ ఒక్క మాటే, మీ నిమ్మకాయేనండీ.

నాదే. కాదని ఎలా అంటాను? చాకుకి మిథైల్ ఆరెంజ్ పూసి ఆరబెట్టాలి, ఆరాక ఏమీ కనపడదు, కాస్త పసుపుజీర ఉంటే తుప్పనుకుంటారు. నిమ్మపులుసు తగలగానే ఎర్రబడుతుంది. పదో తరగతి ల్యాబులో ప్రతి సంవత్సరం వచ్చే సీసా. మంత్రగాళ్ళు మిమ్మల్ని ఇలా మోసం చేస్తారు, చూడండి, అని నూట పన్నెండు ఊళ్ళల్లో కోశాను నిమ్మకాయలు, నూట పదమూడోది గుల్లలదిబ్బ. ఆ సాయంత్రం ముందు వరసలో గొంతుక్కూర్చున్నవాడు గణపతి. నలభై ఏళ్ళుంటాయి, భుజం మీద తువ్వాలు, కళ్ళార్పకుండా చూశాడు. ఎవరూ ప్రశ్న అడగరు ఇలాంటి సభల్లో, నవ్వి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు, వాడొక్కడే లేచి "ఆ మందు పేరేంటండి మాస్టారూ? ఎంత పూయాలండి? ఎంతసేపు ఆరాలండి?" అనడిగాడు. నా గుండె ఎంత పొంగిపోయిందో! ఇదిగో, ఇన్నాళ్ళకి ఒక శాస్త్రీయ దృక్పథం, అనుకున్నాను. "సీసా ఉంచెయ్యండి మాస్టారూ, మీరెళ్ళాక మావోళ్ళు మళ్ళీ మొదటికొస్తారు, నేను కోసి చూపిస్తుంటాను" అన్నాడు. సీసా ఇచ్చాను. చాకు కూడా ఇచ్చాను. భుజం కూడా తట్టాను, వెధవని. బందరొచ్చి మా హేతువాద సంఘం మీటింగులో "ఊరికొక్కడు ఇలాంటివాడు దొరికితే చాలండీ" అని గొప్పలు పోయాను. కనకరత్నం చేపలు ఎండబెట్టుకునే దిబ్బ వాడి ఇంటిని ఆనుకుని ఉందనీ, ఆ దిబ్బ కోసం ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవనీ రాజకుమారి ఇవాళ ఫోనులో చెప్తే గానీ నాకు తెలీదు. ఊళ్ళో ఎవరికి ఎవరితో పడదో కనుక్కోకుండా సీసాలు పంచాను నేను.

హమ్మయ్య, ట్రాక్టరు పక్కకి తీశాడు. ఇప్పుడు రోడ్డు మీద ధాన్యం. రోడ్డు మొత్తం పరిచేశారు, ఒక్క చక్రం పట్టేంత దారి వదిలి, కొసల్లో రాళ్ళు పెట్టి. వేరే రోజైతే ఈ పచ్చి వరిగడ్డి వాసన, ఈ డిసెంబరు ఎండ నాకు ప్రాణం, మాది నందివాడే కదా, ఈ వాసనలోనే పుట్టాను. ఇవాళ ఒక్కొక్క రాయి నా మీద పగబట్టినట్టుంది. పోలీసులకి ఫోన్ చేశాను, ఎస్సై గారు బందోబస్తుకి వెళ్ళారట, వచ్చాక చెప్తామన్నారు. హెడ్మాస్టరుకి చెప్పి వచ్చేశాను, ఇంటికి కూడా వెళ్ళలేదు. సంచీలో కొత్త చాకు ఉంది, బస్టాండులో కొన్న నిమ్మకాయలు ఆరున్నాయి, ల్యాబు నుంచి ఎత్తుకొచ్చిన మిథైల్ ఆరెంజ్ ఉంది, ఇంకో పాత చాకు ఉంది. రెండు చాకులూ పక్కపక్కన పెట్టి కోస్తాను. ఇది మందు పూసింది, ఎర్రగా వచ్చింది. ఇది పూయనిది, రాలేదు. మూడో తరగతి పిల్లాడికైనా అర్థమవుతుంది. కాదూ?

ప్రపంచమంతా ఇంతేనండీ, అని మొదలుపెడతాను నేను ఉపన్యాసం, అక్కడ ఒక్క క్షణం ఆపుతాను, ఆపడం నాకు బాగా అలవాటు. యూరపులో ఆడవాళ్ళని కాళ్ళూ చేతులూ కట్టి నదిలో పడేసేవాళ్ళు, తేలితే మంత్రగత్తె, మునిగితే మంచిది. తేలినదాన్ని చంపేవాళ్ళు. జపానులో నక్క దూరిందనేవాళ్ళు ఆడదాని ఒంట్లో, గోళ్ళ సందుల్లోంచి దూరుతుందట. ఐర్లండులో ఇంటి బయట ఓ ఆడగొంతు ఏడిస్తే తెల్లారేసరికి ఆ ఇంట్లో చావట. ఆఫ్రికాలో కోడికి విషం పెట్టి అది బతికిందా చచ్చిందా అని చూసి తీర్పు చెప్పేవాళ్ళు. ఇక్కడ జనం గొల్లుమంటారు, కోడి అనగానే ఎందుకో నవ్వుతారు. దేశానికో పేరు, దేశానికో పద్ధతి, మధ్యలో నిలబెట్టేది మాత్రం ఎక్కడైనా ఎక్కువగా ఆడదాన్నే, అదీ అడిగేవాడు లేనిదాన్ని, అని గొంతు పెంచుతాను. చప్పట్లు. ఎన్నిసార్లు చెప్పానో! ఆ నదిలో పడ్డ ఆడదాని మొహం ఎలా ఉండి ఉంటుందని ఒక్కసారైనా అనుకున్నానా అంటే లేదు. ఇప్పుడు అనుకుంటుంటే అందరికీ కనకరత్నం మొహమే వస్తోంది, బొట్టులేని నుదురు, ఎండకి కమిలిన బుగ్గలు, నవ్వితే కనపడే పైపళ్ళు కాస్త ఎత్తు. ఆ ఎత్తుపళ్ళే.

మూడు దాటి ఐదు నిమిషాలు. మా అమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. పదహారేళ్ళప్పుడు నేను గుడివాడ కాలేజీలో చేరి, మొదటి సెలవులకే ఇంటికొచ్చి అమ్మకి పాఠం చెప్పాను, పొలాల్లో కనపడేది కొరివిదయ్యం కాదమ్మా, బురదలోంచి వచ్చే గ్యాసు, దానంతటదే అంటుకుంటుంది అని. అమ్మ వడ్లు చెరుగుతూ విని, "దానంతటదే ఎందుకంటుకుంటుందిరా? పేరు మార్చావు, అంతేగా" అంది. ఎంత కోపమొచ్చిందో! మా ఆవిడ ఇందిర ఏమీ అనదు, ఊరికే నా స్కూటరుకి నిమ్మకాయా మిరపకాయలూ కడుతుంది, నేను తెంపి పారేస్తాను, సోమవారం మళ్ళీ కడుతుంది, పధ్నాలుగేళ్ళుగా ఇదే వరస. ఓసారి అరిచాను, ఊరంతా నా మొహం చూసి నవ్వుతారే అని. "నవ్వనివ్వండి, మీరు క్షేమంగా ఇంటికొస్తే నాకు చాలు" అంది. అన్నం తినకుండా లేచిపోయాను. ఇవాళ స్కూటరు స్కూల్లోనే వదిలేసి వచ్చాను. ఆవిడ కట్టింది దానికే ఉంది.

ఇంకోటి కూడా ఉంది, ఎవరికీ చెప్పనిది. ఈ రోడ్డు మీదికి ఎప్పుడొచ్చినా అది పైకొస్తుంది, ఇవాళ రాకూడదనుకుంటే ఇంకా గట్టిగా వస్తోంది. డెబ్బై ఏడు ఉప్పెన, ఇరవై ఏళ్ళయింది. అప్పుడు బియ్యీడీ చేస్తున్నాను, వాలంటీరుగా వచ్చాను దివిసీమకి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పదకొండు రోజులు శవాలు మోశాం. పశువులవీ మనుషులవీ కలిసిపోయి, తుమ్మచెట్లకి వేలాడుతూ. అప్పటికే నేను నాస్తికుణ్ణి, అది చూశాక ఇంకా ముదిరాను. ఓ మధ్యాహ్నం, పట్టపగలు, కూలిన బడి వెనక ఒక్కణ్ణే కూర్చుని బన్ను తింటున్నాను, వెనకనుంచి "గోవర్ధనం" అని పిలిచారు. ఆడగొంతు. మా అమ్మ తప్ప నన్నలా ఎవరూ పిలవరు, అమ్మ నందివాడలో ఉంది. నేను తిరగలేదు. మళ్ళీ పిలిచారు. పలకలేదు. దయ్యాలు మూడోసారి పిలవవని, మూడోసారి పిలిస్తేనే పలకాలని చిన్నప్పుడు చెప్పేవాళ్ళు కదా, బన్ను నోట్లో పెట్టుకుని మూడోసారి కోసం చూశాను. రాలేదు. లేచి పరిగెత్తాను. అలసట, ఆకలి, శవాల మధ్య పదకొండు రోజులు, చెవులు అలా మోగుతాయి, పుస్తకాల్లో ఉంది, నేనే వందమందికి చెప్పాను. ఎందుకు పలకలేదో మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. నిజంగా ఎవరైనా పిలిచి ఉంటే? శిథిలాల కింద ఎవరైనా ఉండి ఉంటే? ఛ, పదకొండు రోజుల తర్వాత ఎవరుంటారు? మరి పలికితే నీ సొమ్మేం పోయిందిరా?

కోడూరులో ఆపాడు. ఆరు నిమిషాలు ఆపాడు, టీ తాగడానికి. కండక్టరుని "ఏవయ్యా, ఇవాళే వెళ్తామా?" అంటే "మీకొక్కరికేనాండీ తొందర?" అన్నాడు. నాకొక్కడికే, అవునయ్యా. ఖాళీ చేపల గంపలతో నలుగురు ఆడవాళ్ళెక్కారు, అమ్ముకుని తిరిగి వెళ్తున్నారు, నా పక్క సీటులో కూర్చున్నావిడని మిగతావాళ్ళు సత్యవతమ్మా అని పిలుస్తున్నారు, యాభై పైబడ్డ మనిషి, గంపని కాళ్ళ మధ్య పెట్టుకుని, చెంగుతో మెడ తుడుచుకుని, నేను అడక్కుండానే మొదలుపెట్టింది. "గుల్లలదిబ్బకాండీ అయ్యగారూ? అక్కడికి ఇవాళెందుకండీ? విన్లేదా మీరు? నిమ్మకాయ నెత్తురు కక్కిందంటండి." విన్నానమ్మా అన్నాను. "కక్కడమే కాదండి, కోస్తుంటే అమ్మా అని అరిచిందంట. పసిపిల్ల గొంతంట. మా తోడికోడలు చూసిందండి దగ్గరుండి. కారిన నెత్తురు ఇసకలో ఇంకలేదంటండి, పాకుకుంటా పోయి ఆ కనకరత్నం కాళ్ళ దగ్గర ఆగిందంట." నిన్న కోసిన నిమ్మకాయ! ఒక్కరోజులో దానికి గొంతొచ్చింది, కాళ్ళొచ్చాయి. ఎన్ని దేశాల కథలు చెప్పాను, ఎలా పుడతాయో ఎప్పుడూ చూడలేదు, ఇదిగో నా పక్కనే, చేపలవాసన కొడుతూ, ప్రమాణం చేసి మరీ చెప్తోంది, అబద్ధమాడుతున్నానని ఆవిడకి తెలియనే తెలియదు.

ఉండబట్టలేకపోయింది. రిహార్సలు అనుకున్నాను, ఈవిడకి అర్థమైతే ఊరికీ అర్థమవుతుంది. సంచీ విప్పాను. "చూడమ్మా, ఇది మందు. స్కూల్లో దొరుకుతుంది. ఇలా ఈ పాత చాకుకి పూస్తాను" అన్నాను. పూసి కిటికీ బయట పెడితే గాలికి రెండు నిమిషాల్లో ఆరింది. బస్సు గతుకుల్లో ఊగుతుంటే నిమ్మకాయ ఒడిలో పెట్టుకుని కోశాను. కారింది, ఎర్రగా, నా పంట్లాము మీద. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు, ఎవరో కెవ్వుమన్నారు. "ఇంతే! నెత్తురు కాదు, ఏమీ కాదు, పులుపు తగిలితే రంగు మారుతుంది! ఇదిగో ఇంకో చాకు, దీనికి మందు లేదు, చూడండి" అని రెండోది కోశాను, తెల్లగా వచ్చింది. నా గొంతు నాకే సభలో లాగా వినపడింది. సత్యవతమ్మ కాసేపు నా ఒడి కేసి చూసింది. నా మొహం కేసి చూసింది. గంప కొంచెం అవతలికి జరుపుకుంది. తర్వాత రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "మీకూ వచ్చన్నమాట అయ్యగారూ" అంది. నాకు రావడం కాదమ్మా, ఎవరికైనా వస్తుంది అంటున్నాను, వినడంలేదు. "రప్పించడమూ వచ్చు, ఆపడమూ వచ్చు. మా కోడలికి మూడు కడుపులు నిలవలేదండి, ఓ తాడు కట్టి పెడతారా?" అంది. వెనక సీటులోంచి ఎవరో నా భుజాన్ని తాకి, చెయ్యి కళ్ళకద్దుకున్నారు.

మూడూ ముప్పై ఐదు. పొలాలైపోయాయి, రెండువైపులా ఉప్పుకయ్యలూ మడచెట్లూ, గాలి ముఖాన కొడుతోంది. రెండు చాకుల పని అయిపోయింది, అది అక్కడ పారదు, ఇప్పుడే తేలిపోయింది. మరేం మిగిలింది? నిజం చెప్తాను. సీసా నేనే ఇచ్చానని చెప్తాను, తప్పు నాదని, కావాలంటే నన్ను కొట్టండని. కొడతారా? కొట్టనీ. ఇంకో దారి ఉంది, సత్యవతమ్మ చూపించింది, అందరికంటే పెద్ద మంత్రగాణ్ణని చెప్పుకుంటే సరి, ఒక్క మాటతో అయిపోతుంది. ఛీ. ఇరవై ఏళ్ళు. ఆ మాట నా నోట్లోంచి వస్తే నేను ఇన్నాళ్ళూ చేసిందంతా ఏమిటి? మా సంఘంలో కుర్రాళ్ళు, నన్ను చూసి జంధ్యాలు తీసేసినవాళ్ళు, ఇంట్లో వాళ్ళతో తగువులు పడి వచ్చేసినవాళ్ళు, వాళ్ళకేం చెప్పను? పైగా అది నిజం కాదు. నిజం కాదు గనక చెప్పను. మరి పట్టకారు? పట్టకారు నిజమే కదా. పన్ను ఊడేటప్పుడు వచ్చే చప్పుడు నిజమే కదా. ఒరేయ్ డ్రైవరూ, తొక్కరా బాబూ, తొక్కు.

స్టాపులో రాజకుమారి నిలబడి ఉంది, తెల్లచీర నిండా ఇసక. "పడవలు తొందరగా వచ్చేశాయండీ మాస్టారూ" అంది. అంతే, ఇసకలో పరిగెత్తాం, నాకు ఒక చెప్పు జారిపోయింది, ఆగలేదు. రామమందిరం ముందు జనం, మధ్యలో పీట, పీట మీద కనకరత్నం. కట్టెయ్యలేదు. ఎందుకు కట్టెయ్యలేదో అర్థం కాలేదు, తనే కూర్చుంది, చేతులు ఒడిలో పెట్టుకుని, పెళ్ళిపీట మీద కూర్చున్నంత బుద్ధిగా. పక్కన లక్ష్మయ్య, ముప్పై ఏళ్ళుండవు, కళ్ళు వాచిపోయి, చేతిలో పట్టకారు. పడవ మేకులు పీకే పట్టకారు. ఇంకా ఏమీ కాలేదు.

ఏం మాట్లాడానో వరసగా గుర్తులేదు, అరిచానని తెలుసు. "ఆ సీసా నాది, నేనిచ్చాను, గణపతికి నేనే నేర్పాను, అది నెత్తురు కాదు, ల్యాబులో మందు." కులపెద్ద ధర్మారావు తల తిప్పి గణపతిని చూశాడు. వాడు బుకాయిస్తాడనుకున్నాను. తువ్వాలు సర్దుకుని ముందుకొచ్చి, "నిజమేనండి, మాస్టారే ఇచ్చారు. అందుకేగా పట్టుకోగలిగాం. నాలుగిళ్ళ ముందు కోస్తే రాలేదు, ఇక్కడే వచ్చింది" అన్నాడు, నా కళ్ళల్లోకి చూసి. వాడికి తెలుసు. ఎంత పూయాలో, ఎప్పుడు తుడిచెయ్యాలో, అన్నీ తెలుసు, బాగా నేర్పాను వాడికి. "నాలుగిళ్ళల్లో పూయలేదురా నువ్వు!" అని మీదికెళ్ళబోతే ఎవరో పట్టుకున్నారు. విదిలించుకుని సంచీలోంచి కొత్త చాకు తీసి, కనకరత్నం కాళ్ళ దగ్గర కూలబడి కోశాను. నీళ్ళలా కారింది. ఇంకోటి కోశాను. ఇంకోటి. "చూడండి! ఏది నెత్తురు? ఎక్కడ?" మా వెనకే బస్సు దిగి వచ్చినవాళ్ళ దగ్గర ఓ గుసగుస బయల్దేరి గాలిలా నా చుట్టూ తిరిగింది. తీసేశాడు. మాస్టారు తీసేశాడు. బస్సులోనే తీశాడంట, పంట్లాం మీద చూడండి. నా పంట్లాము మీద ఎర్రమరక.

ధర్మారావు లేచాడు. పెద్దాయన, మర్యాదస్తుడు, చేతులు కట్టుకుని అడిగాడు. "మాస్టారూ, మాకు సీసాలూ మందులూ తెలవ్వండి. ఒక్క మాట చెప్పండి. ఇప్పుడు ఈవిడలో ఆ చెడు లేనట్టేనాండీ? లేదంటే వదిలేద్దాం. ఉందంటే మా పద్ధతి మాది." ఎప్పుడూ లేదయ్యా! అసలు అలాంటిదే లేదయ్యా! ఆ మాట నాలిక చివర ఉంది, ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. చెప్తే గణపతి నోరు తెరుస్తాడు, మరి నిన్న ఎలా వచ్చింది అంటాడు, నేను మళ్ళీ మిథైల్ ఆరెంజ్ అంటాను, ఈలోగా లక్ష్మయ్య చెయ్యి... రాజకుమారి నా కేసి చూస్తోంది. కనకరత్నం అప్పుడు మొదటిసారి తలెత్తింది. "నాకు తెలీకుండానే నాలో చేరిందేమోనండీ మాస్టారూ" అంది, మెల్లగా, నాకొక్కడికే చెప్తున్నట్టు. "నిన్నటి దాకా లేదనే అనుకున్నాను. నెత్తురు కళ్ళారా చూశాక ఏం చెప్పమంటారు? అందుకే నేనే వచ్చి కూర్చున్నాను." ఎత్తుపళ్ళు, పై పెదవి మీద చెమట. "పోయిందాండీ?"

"పోయిందమ్మా" అన్నాను.

నాకే ఆశ్చర్యమేసింది. "పోయింది. ఇక రాదు" అని కూడా అన్నాను. జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ధర్మారావు లక్ష్మయ్య చేతిలోంచి పట్టకారు తీసుకుని ఎవరికో ఇచ్చేశాడు. ఎవరో కొబ్బరిబొండం కొట్టి తెచ్చారు, ఎవరో ఆడమనిషి జ్వరంతో ఉన్న బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పడేసింది, రాజకుమారి వచ్చి ఆ బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి తీసుకుంది, నా మొహం మాత్రం చూడలేదు. గణపతి ఎటో జారుకున్నాడు. వాడికేం, వాడి నిమ్మకాయ గెలిచింది. నేను ఇసకలో అలాగే కూర్చున్నాను. బతికింది, పళ్ళతో బతికింది, ఇక ఇందిరకి చెప్తే ఏమంటుందో, సంఘంలో ఏం చెప్పాలో, రేపు చూసుకుందాం, బతికింది, అదే అనుకుంటున్నాను. కనకరత్నం పీట మీంచి లేవలేదు. చెంగుతో మొహం తుడుచుకుంది, ఓ నవ్వు నవ్వబోయి ఆగిపోయింది, తన కుడిచెయ్యి తిప్పి వేళ్ళకేసి చూసుకుంది, ముద్ద పెట్టిన చెయ్యి.

"అయితే బిందుని నేనే చంపానాండీ?" అంది.

లక్ష్మయ్య వెళ్ళబోతున్నవాడల్లా ఆగి, నా కేసి తిరిగాడు.